ఏమీ పెరగని సీసా

ఆ రోజు ఎరుపు చూసి పండుమిరపకాయ పచ్చడి అనుకున్నాను. ముందురోజు మా ఇంటిగలావిడ సుబ్బమ్మగారు కొత్త పచ్చడి పంపిస్తే, నాలుగేళ్ళ మా రమ నా కళ్ళు కప్పి గిన్నెలో వేలు పెట్టి నాకేసింది. తెల్లవారి పెరట్లో కూర్చున్నప్పుడు విరేచనంలో ఎర్రగా కనిపిస్తే, "చూశావా, నీ దొంగతనం ఎలా బయటపడిందో" అని నవ్వాను కూడా. రమ నవ్వలేదు. పొట్ట పట్టుకుని ముందుకు వంగి, "అమ్మా, ఇంకా వస్తోంది" అంది. మధ్యాహ్నం దాకా అలా కూర్చుంటూ లేస్తూనే ఉంది. సాయంత్రానికి జిగురూ నెత్తురూ తప్ప మరేమీ పడలేదు. పచ్చడికి జిగురెక్కడిది? అప్పుడు భయం వేసింది నాకు.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో సంగతి ఇది. అద్దంకికి కొంత దూరంలో, ప్రత్తీ మిరపా పండే నల్లరేగడి ఊళ్ళో నేను బోర్డు స్కూలు పంతులమ్మను. ఆ బడికి టీచరూ నేనే, హెడ్మాస్టరూ నేనే, గంట కొట్టేదీ నేనే. మా ఆయన దాచేపల్లి వైపు సున్నపురాయి గనుల దగ్గర గుమస్తా. సెలవు దొరికినప్పుడు వచ్చేవారు, దొరకనప్పుడు లేదు. మా పుట్టిల్లు చీరాల. మగ్గాల ఇల్లు. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా మగ్గం చప్పుడు, కండెలు చుట్టే ఆడవాళ్ళ మాటలు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు ఆ ఊళ్ళో నిశ్శబ్దం అలవాటు కాలేదు. మనుషులంతా పొలాలకు పోతే, బడి వదిలాక నాతో మాట్లాడడానికి రమ ఒక్కతే ఉండేది. అది మాట్లాడటం మానేసిన రోజుల గురించే ఇది రాస్తున్నాను.

"వేడి చేసింది పంతులమ్మా, అంతే" అన్నారు సుబ్బమ్మగారు. "పొద్దస్తమానం కళ్ళంలో మిరపకాయల మీద దొర్లితే వేడి చెయ్యదా? సగ్గుబియ్యం కాచి మజ్జిగలో పొయ్యి. తగ్గకపోతే నన్నడుగు."

సగ్గుబియ్యం పోశాను. తగ్గలేదు. ఊళ్ళ మీద సైకిల్ వేసుకుని తిరిగే డాక్టరుగారు చూసి, "డిసెంట్రీ అమ్మా. సల్ఫా బిళ్ళలు వెయ్యండి" అన్నారు. వేశాను. నెత్తురు ఆగింది. రమ మళ్ళీ బడి అరుగు మీద పిల్లలతో అచ్చనగాయలు ఆడింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ మొదలు. మళ్ళీ బిళ్ళలు, మళ్ళీ కాస్త నెమ్మదించడం, మళ్ళీ నెత్తురు. మూడోసారికి పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి. లంగా నడుం మీద నిలవక జారిపోతుంటే ముడేసి కట్టేదాన్ని.

ఇంతలో ఊళ్ళో వాళ్ళకి సంగతి తెలిసింది. సుబ్బమ్మగారి మనవడు రోజూ మా అరుగు మీదే ఉండేవాడు, వాడు రావడం మానేశాడు. బడికి పిల్లలు వచ్చేవారు గానీ, రమ కూర్చునే మూల వదిలి అవతలికి జరిగి కూర్చునేవారు. ఇళ్ళల్లో అలా చెప్పి పంపేవాళ్ళు. ఒకరోజు సుబ్బమ్మగారినే అడిగాను.

"అంటురోగమంట గదమ్మా" అన్నారావిడ, నా ముఖంలోకి చూడకుండా. "మా ఇంట్లో ఒక్కడే మగపిల్లోడు. నువ్వు సదువుకున్నదానివి, అర్థం చేసుకో."

అర్థం చేసుకున్నాను. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి జరగకూడదని ఎక్కడా లేదు కదా. ఆ రోజు నుంచి ఆవిడ మా వాకిట్లో నిలబడి పలకరించేవారే గానీ అరుగు ఎక్కలేదు.

ఇక లాభం లేదని రమను గుంటూరు తీసుకువెళ్ళాను. అక్కడ ఒక ఆసుపత్రిలో పిల్లల్ని చూసే డాక్టరమ్మ, నెరిసిన జుట్టు ముడివేసుకున్న పెద్దావిడ, రమ పొట్ట నొక్కి చూసి, చర్మం పట్టి లాగి చూసి, నాకు ఓపికగా చెప్పింది.

"లంగాకి అంటినదాన్ని మైక్రోస్కోపులో చూశాం, అమీబా కనబడలేదమ్మా. కల్చర్ చెయ్యాలి. స్టూల్ కొద్దిగా తీసుకుని గాజు పళ్ళెంలో పెంచుతాం. అందులో ఏ బాక్టీరియా పెరిగిందో చూస్తే, ఏ మందుకి చస్తుందో తెలుస్తుంది. లేకపోతే చీకట్లో రాయి వేసినట్టే."

నాకు బాగానే అర్థమయింది. బడిలో తడిగుడ్డలో చిక్కుడు గింజలు మొలకెత్తించి పిల్లలకి చూపించేదాన్ని. అలాంటిదే అనుకున్నాను. చిక్కంతా రమతో వచ్చింది. దారిలో రెండుసార్లు బస్సు ఆపించిన పిల్ల, ఆసుపత్రిలో తెల్లకోట్లు చూసి బిగదీసుకుంది. ఎంత బతిమాలినా కూర్చోదు. చివరికి వెడల్పు మూతి సీసా ఒకటి ఇచ్చి పంపించారు.

"తెల్లవారుజామున అయింది ఇందులో పట్టు. నీళ్ళు కలవకూడదు, మూత్రం కలవకూడదు. శుభ్రంగా పట్టి, మూత బిగించి మొదటి బస్సుకి వచ్చెయ్యి. దూరానికి బాక్టీరియా కొన్ని చస్తాయి, అన్నీ చావవులే" అంది డాక్టరమ్మ.

చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేశాను. సీసా మరిగించి ఎండబెట్టాను. నీళ్ళు తగలనివ్వలేదు. అరిటాకు ముక్క మీద పట్టి సీసాలోకి తీశాను. తీశాక, మా ఇళ్ళల్లో ఏ తల్లయినా ఏం చేస్తుందో అదీ చేశాను. పొయ్యిలో బూడిద జల్లించి, సీసాలో పైన పిడికెడు వేసి, కదిపి, మూత బిగించాను. పసిపిల్లలు దొడ్డికి వెళితే బూడిద చల్లి ఎత్తడం మాకు ఎవరూ నేర్పరు. ఇల్లు ఊడవడం ఎవరు నేర్పారు గనక! శుభ్రంగా అంటే నాకు తెలిసిన శుభ్రం అదే. పైగా బస్సులో నలుగురి మధ్య కూర్చోవాలి. వాసన వస్తే తల ఎక్కడ పెట్టుకోను?

వాసన రాలేదు. చిలకలూరిపేట వెళ్ళే ఒకావిడ మా పక్కన కూర్చుంది. రమను ఒళ్ళోకి తీసుకుని జుట్టు చిక్కు తీసి జడ వేసింది. తన కూతురి కాపురం గురించి, ప్రత్తికి తగిలిన పురుగు గురించి చెప్పుకుంటూ పోయింది. "సంచీలో ఏందమ్మా, అంత జాగర్తగా పట్టుకున్నావు?" అని అడిగితే మందు సీసా అన్నాను. ఆ నెలల్లో నాతో అంతసేపు మాట్లాడిన పెద్దమనిషి ఆవిడే. పేటలో ఆవిడ దిగిపోతే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడ్డాను కూడా, ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఏడవడమేమిటని.

రిపోర్టు వచ్చింది. నో గ్రోత్.

ఏమీ పెరగలేదంటే మంచిదే కదా అని నేను సంబరపడబోయాను. డాక్టరమ్మ మాత్రం పెదవి విరిచింది. "సల్ఫా బిళ్ళలు వేస్తున్నావు కదా, వాటి వల్ల అయి ఉంటుంది. బిళ్ళలు ఆపు. ఆపిన తర్వాత మళ్ళీ పట్టి తీసుకురా."

ఆపాను. బిళ్ళలు రోగాన్ని చంపకపోయినా ఇన్నాళ్ళూ కాస్త అణచిపెట్టాయి కాబోలు, ఆపేసరికి రమ ఇంకా నీరసించింది. మళ్ళీ సీసా, మళ్ళీ జల్లించిన బూడిద, మళ్ళీ బస్సు. ఈసారీ రిపోర్టు అదే. నో గ్రోత్. డాక్టరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసింది.

"సీసా డెట్టాలుతో గాని ఫినాయిలుతో గాని కడిగావా?"

"లేదండీ. మరిగించాను, అంతే."

"మందేమైనా కలిపావా?"

"అయ్యో, ఏమీ కలపలేదండీ."

నిజమే చెప్పాను. ఆ క్షణాన బూడిద నా తలపుకే రాలేదు. అన్నం వండావా అంటే, నీళ్ళు పోశానని ఎవరైనా విడిగా చెబుతారా?

"అయితే ఇది ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు" అంది ఆవిడ నెమ్మదిగా. "పేగులో వేరే రకం పుండ్లు ఉండవచ్చు. మద్రాసు తీసుకువెళ్ళి గొట్టం వేసి లోపల చూడాలి. అవసరమైతే ఆపరేషన్ అంటారు. పిల్ల ఆపరేషన్‌కి తట్టుకోగలదా అన్నది నేనిప్పుడు చెప్పలేనమ్మా."

ఆ మాట విని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. రమ నా భుజం మీద పడుకుని ఉంది. దాని బరువు నాకు తెలియడం లేదు. అంత తేలికైపోయింది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, గుంటూరులో నాకు తెలిసిన మనిషి లేడు.

మద్రాసు ప్రయాణం మాట తేలకముందే పిల్ల పడిపోయింది. ఊరికి తిరిగి వచ్చిన కొద్ది రోజులకే పొద్దున లేపితే లేవలేదు. కళ్ళు లోతుకుపోయాయి, నాలుక ఎండిపోయింది, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. సుబ్బమ్మగారు వాకిట్లోంచే చూసి, కొడుకుని కేకేసి బండి కట్టించారు. "ఒరేయ్, తొందరగా తోలు. బస్సు దాటిపోతే నీ సంగతి చెబుతా" అని అరవడం నాకింకా గుర్తుంది. ఆవిడ మాత్రం బండి దగ్గరకి రాలేదు.

"సివియర్ డీహైడ్రేషన్" అన్నారు ఆసుపత్రిలో. చేతి నరం దొరకక, కాలి దగ్గర గుచ్చి సెలైన్ ఎక్కించారు. అంటురోగమైతే మిగతా పిల్లలకి ప్రమాదమని, వార్డు చివర ఒంటరి గది ఇచ్చారు. మా ఆయన టెలిగ్రాం అందుకుని వచ్చారు. మంచం పక్కన నిలబడి రమ పాదం పట్టుకున్నారు.

"మద్రాసు తీసుకెళదాం. నేను వెళ్ళి సెలవు మంజూరు చేయించుకుని వస్తాను. ధైర్యంగా ఉండు" అన్నారు.

ధైర్యంగా ఉండు అని చెప్పి వెళ్ళేవాళ్ళ మీద నాకు అప్పటినుంచీ కాస్త కోపం. ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ గదిలో నేను ఉన్నాను, ఆయన లేరు. కిటికీలోంచి అవతల వరండాలో పిల్లల తల్లులంతా ఒకచోట చేరి, ఒకరి పిల్లని ఒకరు ఎత్తుకుని, ఇంటి నుంచి తెచ్చిన అన్నాలు పంచుకునేవారు. నన్ను చూస్తే నవ్వేవారు. లోపలికి ఎవరూ రాకూడదు, నేను వాళ్ళలోకి వెళ్ళకూడదు. సెలైన్ సీసాలో బొట్లు పడుతుంటే చూస్తూ, రమకి వినబడుతుందో లేదో తెలియకుండానే చీరాల మగ్గాల కబుర్లు చెప్పేదాన్ని. పడుగు దారాలు ఎలా పోస్తారో, వాటి మధ్యనుంచి పేక దారం తీసుకుపోయే నాడె ఎలా విసురుతారో. నా గొంతు నాకు వినబడాలి కదా, అందుకని.

సెలైన్ పడ్డాక ఒక ఉదయం రమ కళ్ళు తెరిచి, "అమ్మా, వస్తోంది" అంది. బెడ్‌పాన్ పెట్టాను. జిగురూ నెత్తురూ. పక్కనే నేల తుడుస్తున్న ఆయాతో, "కాస్త బూడిద దొరుకుతుందేమో చూస్తావా?" అన్నాను.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చార్టు చూస్తోంది. తల ఎత్తింది.

"బూడిద ఎందుకమ్మా?"

"దీని మీద చల్లడానికండీ. వాసన రాకుండా."

"ఇంట్లో కూడా చల్లుతావా?"

"చల్లకుండా ఎలా ఎత్తుతామండీ?"

ఆవిడ చార్టు మూసి దగ్గరకి వచ్చింది. "నాకు తెచ్చిన సీసాల్లో?"

"వేశానండీ. బస్సులో తీసుకురావాలి కదా మరి."

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుండిపోయింది. "ఏమైనా కలిపావా అని నేను అడిగానమ్మా."

"ఏమీ కలపలేదండీ. బూడిదే వేశాను."

ఆవిడకి నవ్వు రాబోయి ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "ఆరోగ్యంగా ఉన్న పిల్ల పేగులో కూడా బాక్టీరియా లెక్కలేనంత ఉంటుందమ్మా. ఏదో ఒకటి పెరగాల్సిందే. ఒక్కటి కూడా పెరగలేదంటే నాకు అనుమానం రావాల్సింది, వచ్చింది కూడా, కానీ బూడిద అని తోచలేదు. తడి తగిలిన బూడిద సున్నంలా కాలుస్తుంది. నువ్వు తెచ్చేలోపు అన్నీ చచ్చాయి. చచ్చిన గింజలు నాటి మొలకలు రాలేదనుకున్నాం మేము."

పిల్లని మద్రాసు దాకా, ఆపరేషన్ బల్ల దాకా నడిపించబోయింది నా పిడికెడు బూడిదా? ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చింది. ఆ తర్వాత, "ఇక సీసాలు వద్దు. రెక్టల్ స్వాబ్ తీద్దాం" అంది.

పుల్ల చివర దూది చుట్టి, సెలైన్‌లో తడిపి, రమను పక్కకి తిప్పి పడుకోబెట్టి, మలద్వారంలో కొంచెం లోపలికి పెట్టి తిప్పి తీశారు. రమ నా బొటనవేలు గట్టిగా పట్టుకుంది, ఏడవడానికి ఓపిక లేదు దానికి. ఆ పుల్లని ఏదో ద్రవం ఉన్న గాజుగొట్టంలో పెట్టి, అప్పటికప్పుడే లాబొరేటరీకి పంపారు. బెడ్‌పాన్‌లోంచి కూడా వెచ్చగా ఉండగానే కొద్దిగా తీశారు. "మ్యూకస్ ఉన్నచోటే తీయండి" అని డాక్టరమ్మ దగ్గరుండి చెప్పింది. బస్సు లేదు, సంచీ లేదు, సిగ్గు లేదు. పని అంతలో అయిపోయింది.

రిపోర్టులో ఈసారి పేరు వచ్చింది. షిగెల్లా. ఆ కాగితం తీసుకుని డాక్టరమ్మే గదిలోకి నడిచి వచ్చింది. "దొరికింది. దీనికి సల్ఫా సరిగ్గా పనిచేయదట. అందుకే అన్నిసార్లు తిరగబెట్టింది. మద్రాసు వద్దు."

క్లోరాంఫెనికాల్ మొదలుపెట్టారు. మొదట్లో చేదుకి కక్కేసింది. జ్వరం పెరిగింది, సెలైన్ నరం వాచింది, మళ్ళీ వేరేచోట గుచ్చారు. ఆ రోజు నేను ఆశ వదిలేసుకున్నాను అని రాయడానికి నాకేమీ మొహమాటం లేదు. తర్వాత జ్వరం తగ్గింది. నెత్తురు ఆగింది. మా ఆయన సెలవు కాగితం జేబులో పెట్టుకుని, మద్రాసు బండి వేళలు కనుక్కుని వచ్చేసరికి, రమ గోడకి ఆనుకుని కూర్చుని పెరుగన్నం తింటోంది. ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచి అక్కడే చతికిలబడ్డారు.

ఆగిన తర్వాత కూడా స్వాబులు తీస్తూనే ఉన్నారు. నెత్తురు లేకపోయినా పేగులో దాగి ఉండవచ్చునట, వరుసగా నెగటివ్ వస్తేనే వదులుతామన్నారు. అందాకా ఆ గదే. మా ఆయన వెళ్ళిపోయాక మళ్ళీ మేమిద్దరమే. కానీ రమ మాట్లాడుతోంది, నాడె ఎలా విసురుతారో మళ్ళీ చెప్పమని ప్రాణం తీస్తోంది. అంతకంటే నాకేం కావాలి?

ఊరికి వచ్చాక కూడా చాలా రోజులు మా అరుగు ఖాళీగానే ఉంది. తగ్గిపోయింది, రిపోర్టులున్నాయి అని ఎంత చెప్పినా, వాకిట్లోంచి పలకరింపులే. చేతులు సబ్బుతో కడుక్కోమని, నీళ్ళు కాచి తాగమని బడిలో పిల్లలకి చెబితే, మాకు పాఠాలా అని పెద్దవాళ్ళు గొణిగారు.

మరుసటి వానాకాలంలో సుబ్బమ్మగారు మా అరుగు ఎక్కారు. చేతిలో ఆకు పొట్లం.

"పంతులమ్మా, మా పిల్లోడికి నెత్తురు పడతాంది" అన్నారు. "గుంటూరు పోదామమ్మా. పరీచ్చకి కావాలంట గదా, పట్టి తెచ్చా. శుబ్బరంగానే తెచ్చా చూడు."

పొట్లం విప్పాను. నిండా బూడిద. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దాన్ని పారేయించి, సీసా మరిగించి, పిల్లాడి దగ్గర కూర్చుని మళ్ళీ పట్టాను. పైన ఏమీ వెయ్యలేదు. సుబ్బమ్మగారు ముక్కు మూసుకుని, "ఇట్టాగేనా? బస్సులో జనం ఏమంటారమ్మా?" అన్నారు.

"అననివ్వండి" అన్నాను.

అన్నారు. మా ముందు వరుస వాళ్ళు లేచి వెళ్ళారు, వెనకవాళ్ళు కిటికీలు తీశారు. కండక్టరు వచ్చి, "ఏందమ్మా ఆ సంచీలో, చేపలా?" అని గద్దించాడు.

సుబ్బమ్మగారు ఊరుకునే మనిషా? "చేపలు కాదు, మా మనవడి ప్రాణం! నీకు కంపు కొడితే అవతలికి పో" అని బస్సంతా వినబడేలా అరిచారు. అరిచి, పిల్లాడిని ఒళ్ళో సర్దుకుని, నా భుజానికి తల ఆనించారు. ఆ చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ. మేము మాత్రం గుంటూరు దాకా అలాగే ఆనుకుని కూర్చున్నాం.

ఆ పిల్లాడికి మొదటి కల్చర్‌లోనే తేలింది. వాడూ రమా ఇప్పుడు ఒంగోలులో హైస్కూలుకి వెళుతున్నారు. నేను ఆ ఊళ్ళోనే పంతులమ్మను. మా ఆయన ఇంకా గనుల దగ్గరే. రమ హాస్టలుకి వెళ్ళాక ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమే. కాకపోతే సాయంత్రాలు సుబ్బమ్మగారు అరుగెక్కి, నేను వద్దన్నా వినకుండా పచ్చడి గిన్నె పెట్టి పోతారు.

చదివే తల్లులకి ఒక్క మాట. పిల్లకి నెత్తురు విరేచనాలైతే, వీలుంటే ఆసుపత్రిలోనే స్వాబ్ తీయమని అడగండి. సీసాలో తీసుకువెళ్ళాల్సి వస్తే బూడిద వద్దు, ఫినాయిలు వద్దు, డెట్టాలు వద్దు. ఎలా వచ్చిందో అలాగే, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా అందించండి. వాసన వస్తే రానివ్వండి. పక్కన కూర్చున్నవాళ్ళు లేచిపోతే పోనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ సీట్లో మీ బిడ్డ కూర్చోవాలి.